అరవై ఐదో పేజీలో బోర్లించిన కంచం

పుస్తకాల పేజీ చూసేవాళ్ళకు శత్రువులుండరని మీరనుకుంటారు. కొత్తగా పత్రికల్లో చేరిన పిల్లలు ఎప్పుడైనా కలిస్తే, "మీకేం మేడం, హాయిగా పుస్తకాలు చదువుకుంటూ జీతం తీసుకున్నారు" అంటారు. నవ్వి ఊరుకుంటాను. ఆ మాట చాలావరకు నిజమే. కానీ ఆ హాయి ఉద్యోగంలోనే ఒకసారి, నిండు సభలో, ఎన్నికల్లో నిలబడబోతున్న ఒక పెద్దమనిషికి, ఆయన భార్య ఎదుటే, ఇంకొకరి భార్యను అంటగట్టాను. మా రాజకీయ విలేకరులు సర్వీసంతా కష్టపడినా చేయలేకపోయిన పని అది.

అవి అమీర్‌పేటలో బస్సు దిగిన మనిషి కాలు నేల మీద ఆనకముందే చేతిలో నాలుగు కరపత్రాలు పడే రోజులు. గోడల మీద, కరెంటు స్తంభాల మీద, చివరికి ఇడ్లీ బండి గొడుగు మీద కూడా కంప్యూటర్ కోర్సుల పేర్లే. మా పత్రిక ఆఫీసు అక్కడికి దగ్గర్లోనే, పంజాగుట్టలో, ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉండేది. ఆ శిక్షణ సంస్థల ప్రకటనలే మాకు అన్నం పెట్టేవి. అందుకని ఆదివారం అనుబంధంలో వాటికి చోటు కావలసినప్పుడల్లా నా పుస్తకాల పేజీకి కోత పడేది. మొదట పూర్తి పేజీ, తర్వాత అర పేజీ, ఆ తర్వాత పావు. చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి పేపరు తెరిచేదాకా, నా పేజీ ఎంత మిగిలిందో నాకూ తెలిసేది కాదు. ప్రార్థనలో దాని గురించి కూడా ఒక మాట అడిగేదాన్ని, దాచడం దేనికి.

మా ఎడిటర్ గారు కోస్తా నుంచి వచ్చిన మంచి మనిషి. ఎవరినీ నొప్పించకూడదన్న పట్టుదలతో అందరినీ ఇబ్బంది పెట్టేవారు. ఒకరోజు నన్ను పిలిచి, టీ తెప్పించి, నా మొహం చూడకుండా చెప్పారు.

"పుస్తకాల పేజీ ఎవరూ చదవట్లేదంటున్నారండి ప్రకటనల విభాగం వాళ్ళు. ఆ మిగిలిన పావూ అడుగుతున్నారు. కార్పొరేషన్ ఎన్నికలొస్తున్నాయి కదా, ఈలోగా జనం మాట్లాడుకునేలా ఏదన్నా ఒక్కటి వేయండి. లేకపోతే తర్వాత నన్నేం అనకూడదు."

టీ తాగి బయటికొచ్చి నా కుర్చీలో కూలబడ్డాను. ఆ పేజీ పోతే నన్ను పంపేది వంటల శీర్షికకని నాకు తెలుసు. నాకు పప్పు ఉడకబెట్టడం కూడా సరిగా రాదు. పక్క బల్ల దగ్గర మా సిటీ రాజకీయాలు చూసే విలేకరి కూర్చునేవాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నన్ను అక్కా అనేవాడు. సంగతి విని తేలిగ్గా తీసుకున్నాడు.

"గింతదానికి ఫికర్ ఎందుకక్కా? మన అమీర్‌పేట వార్డుల నిలబడెటోళ్ళు ఇద్దరు సుత జీవితచరిత్రలు రాసుకున్నరు. గవి చదివి ఎవడు పనికొస్తడో నువ్వే చెప్పరాదు? మేం మీటింగులకు పోయి రాసేది ఎట్లనో ఎవ్వడు చదువుతలేడు."

ఆలోచన బాగుంది. పైగా అప్పుడే అక్కడి కాలనీల సంక్షేమ సంఘాలన్నీ కలిసి, ఆ ఇద్దరిలో ఒకరికే మద్దతిద్దామని తీర్మానించాయి. ఎవరికన్నది ఒక సభ పెట్టి తేల్చుకుంటామన్నాయి. సభకు ముందు ఆదివారం నా వ్యాసం రావాలి. ఎడిటర్ గారు ఒప్పుకున్నారు. అర పేజీ కూడా ఇచ్చారు.

ఆ ఇద్దరిలో మొదటాయన ఒక శిక్షణ సంస్థ యజమాని. మాకు ప్రతి ఆదివారం ప్రకటన ఇచ్చే పెద్ద ఖాతాదారు. ఆయన పుస్తకం అట్ట మీద నీలం సూటు వేసుకుని, వేలెత్తి ఆకాశం చూపిస్తూ ఉన్నారు. రెండో ఆయన సనత్‌నగర్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా చేరి యూనియన్ నాయకుడైన మనిషి. ఆయన అట్ట మీద మైకు ముందు నోరు తెరుచుకుని ఉన్నాడు. ఇద్దరూ హడావుడిగా అచ్చు వేయించారేమో, అట్టల రంగు కూడా సరిగా ఆరలేదు. నీలం సూటు నా వేళ్ళకు అంటుకుంది. లోపల రెండూ ఒకే సైజు, ఒకే కాగితం, ఒకే అక్షరాలు. అమీర్‌పేటలో ప్రతి డీటీపీ సెంటర్లోనూ అవే అక్షరాలు కాబట్టి నాకేం వింతగా అనిపించలేదు.

నాయకుల పుస్తకాలు చదవడానికి నాకో పద్ధతి ఉండేది. పిల్లలూ, కావాలంటే మీరూ వాడుకోవచ్చు. ముందుమాటలు వదిలేయాలి, అవి రాసినవాళ్ళు పుస్తకం చదివి ఉండరు. ఫోటోల్లో పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు వేశాడో లేదో చూడాలి. ఆ తర్వాత పుస్తకమంతా ఒక్కదాని కోసమే వెతకాలి. ఈ మనిషి ఎప్పుడైనా తప్పు చేశాడా? చేశానని రాసుకున్నాడా? రాసుకుంటే, దాన్ని తీసుకెళ్ళి ఎవరి నెత్తిన రుద్దాడు?

నిజం చెప్పొద్దూ, సూటు ఆయన్ని చీల్చి చెండాడాలని ముందే నిర్ణయించుకుని కూర్చున్నాను. నా పేజీని మింగిన ప్రకటనల్లో ఆయనవే ఎక్కువ మరి. మొదటి అరవై పేజీలూ నన్ను నిరాశపరచలేదు. ఆయన పుట్టినప్పుడు మంత్రసాని ఏమందో, ఐదో తరగతి మేష్టారు ఏమని జోస్యం చెప్పాడో, నగరానికి వచ్చిన కొత్తలో సనత్‌నగర్‌లో చిన్నా చితకా పనులు ఎంత గొప్పగా చేశారో. పెన్సిల్ పెట్టి గీతలు గీసుకుంటూ పోతున్నాను.

అరవై ఐదో పేజీ దగ్గర పెన్సిల్ ఆగిపోయింది.

అక్కడాయన ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. షిఫ్టులు మార్చొద్దని చెప్పి రమ్మని తోటివాళ్ళంతా ఆయన్ని యజమాని దగ్గరికి పంపారు. యజమాని కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, సాసర్‌లో కప్పు పెట్టి టీ ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి దక్కిన ఆ మర్యాదకు కరిగిపోయి, ఎవరినీ అడక్కుండా, షిఫ్టులు మార్చుకోవచ్చని సంతకం పెట్టేసి వచ్చారు. ఇంటికెళ్ళి కప్పూ సాసరు సంగతి భార్యకు గొప్పగా చెప్పారు. ఆవిడ అన్నం వడ్డించబోతున్నదల్లా ఆగి, కంచం బోర్లించింది. "ఇంతమంది తరఫున పోయి నువ్వొక్కడివే తాగొచ్చావా? ఇల్లిల్లూ తిరిగి చేసింది చెప్పి రా. అప్పుడు పెడతాను" అంది. ఆయన తిరిగారు. ఒకరు తిట్టారు, ఒకరు తలుపు తీయలేదు. మర్నాడు మళ్ళీ యజమాని దగ్గరికి పోయి, ఈసారి కూర్చోకుండా నిలబడి మాట్లాడారు.

నాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి మీదా నేను కత్తి నూరింది అనుకున్నాను. తర్వాత ఎనభై ఒకటో పేజీ నుంచి మళ్ళీ డబ్బా మొదలైందనుకోండి. అయినా క్షమించేశాను. ఎనభయ్యో పేజీ చివర "ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం" అని ఉంటే, ఎనభై ఒకటి "వేలాది యువతకు దారి చూపింది" అని మొదలైంది. వాక్యం కుదిరింది, అర్థమూ కుదిరింది. నేనింకేం చూస్తాను?

యూనియన్ నాయకుడి పుస్తకం దగ్గర కథ తిరగబడింది. బాగుంటుందని ఆశపడి తెరిచాను. కొంతవరకు బాగానే ఉంది. సరిగ్గా మధ్యకొచ్చేసరికి మనిషికి పూనకం వచ్చినట్టయింది. "నేను అడుగుపెట్టిన ప్రతిచోటా విజయం నాకంటే ముందే వచ్చి కూర్చునేది" అంటాడు. "నా దగ్గరికొచ్చిన ప్రతి కుర్రాడికీ బతుకుదెరువు చూపించాను" అంటాడు. పదహారు పేజీల్లో తప్పన్న మాటే లేదు. పదవి రాకముందే తలకెక్కింది అని రాసుకున్నాను.

వ్యాసంలో అదే వేశాను. తప్పు చేసి ఇల్లిల్లూ తిరిగి ఒప్పుకోగలిగిన మనిషి వార్డుకు పనికొస్తాడని, కంచం బోర్లించే మనిషి ఇంట్లో ఉండడం ఆయన అదనపు అర్హతని రాశాను. రెండో ఆయన విజయాన్ని కాస్త బయట కూర్చోబెట్టి వస్తే బాగుంటుందన్నాను. నా నిష్పక్షపాతానికి నాకే ముచ్చటేసింది. ఎడిటర్ గారైతే నా బల్ల దగ్గరికే వచ్చారు.

"నేను భయపడ్డానండి. మీరు సమీక్ష అంటే పోస్టుమార్టం చేస్తారు కదా. ఇంత పెద్దమనసు ఉందేంటండి మీకు?"

ఆదివారం పేపరు వచ్చాక ఫోన్లు ఆగలేదు. టిఫిన్ సెంటర్లలో కంచం గురించే మాట్లాడుకుంటున్నారని మా విలేకరి చెప్పాడు. సూటు ఆయన స్వయంగా ఫోన్ చేసి, గొంతు బరువు చేసుకుని, "మీరు నా పుస్తకం కాదండి, నా హృదయం చదివారు" అన్నారు. నా పేజీ బతికినట్టేనని ఎడిటర్ గారు నోటితోనే చెప్పారు.

సభ రోజు మా విలేకరి మెట్ల మీదే నన్ను ఆపాడు.

"అక్కా, గా యూనియన్ అన్న మనమీద గరమవుతడనుకున్న. కోపంగ లేడు, పరేషాన్ల ఉన్నడు. ఇంట్ల ఆమె నీ వ్యాసం చదివిందట. ఎన్నడూ మీటింగుకు రాని మనిషి, నేను సుత వస్తానని బయలెల్లింది. జర చూసి మాట్లాడు."

నేను చూసి మాట్లాడే రకం కాదు.

కాలనీ కమ్యూనిటీ హాలు నిండిపోయింది. వేదిక మీద ఇద్దరు అభ్యర్థులూ, మధ్యలో సంఘాల అధ్యక్షుడైన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ముందు వరసలో ఒక కొసన సూటు ఆయన భార్య, చక్కగా పట్టుచీర కట్టుకుని. సంస్థ లెక్కలన్నీ ఆవిడే చూస్తుందని మా వాళ్ళు చెప్పగా విన్నాను. మరో కొసన యూనియన్ నాయకుడి భార్య, చేతిలో మా పేపరు మడత. హాస్టల్ పిల్లల కోసం కర్రీ పాయింట్ నడిపే మనిషి, ఆ పని మధ్యలోంచే వచ్చినట్టుంది.

అధ్యక్షుడు నన్ను వేదిక మీదికి పిలిచి, పుస్తకాలు చదివింది మీరే కాబట్టి మీరే ప్రశ్నలు అడగండి అన్నారు. నేను రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టి, ముందు సూటు ఆయన్నే అడిగాను. ఆ రోజు కంచం బోర్లించినప్పుడు మీకేమనిపించింది?

ఆయన జేబురుమాలు తీశారు. "ఏం చెప్పమంటారండి. ఆ కంచం చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది. స్టీలు కంచం. నేను ఏడ్చానండి. మా ఆవిడ కూడా ఏడ్చింది."

అంతటితో నేను ఊరుకోవచ్చు కదా. ముందు వరసకు తిరిగి ఆయన భార్యను అడిగాను. "అమ్మా, అంత ధైర్యం ఎలా వచ్చింది మీకు?"

ఆవిడ లేచి నిలబడింది. మొగుడి వైపు ఒకసారి చూసింది. "నాకలాంటిదేమీ గుర్తులేదండి" అంది.

జనం మెచ్చుకోలుగా నవ్వారు. ఆయన మైకు దగ్గరికి జరిగారు. "చూశారా? చేసిన మంచి చెప్పుకోదండి తను. మొదటి నుంచీ అంతే."

అప్పుడు రెండో కొసన కుర్చీ కదిలింది.

"సారూ, జర ఆగుర్రి. ఆ కంచం బోర్లేసింది నేను."

సూటు ఆయన రుమాలు చెంప మీదే ఉండిపోయింది. ఆవిడ తగ్గలేదు. "స్టీలుది గాదు, సిల్వర్ కంచం, సత్తుది. నేను ఏడ్వలే, ఈయన ఏడ్వలే. ఏడ్చేటంత తీరిక యాడుంది? చారు పొంగుతున్నది. నా ఇంట్ల సంగతి మీ పుస్తకంల కెట్ల వచ్చిందో చెప్పుర్రి ముందు."

నేను రెండు పుస్తకాలూ అరవై ఐదో పేజీ దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టాను. అప్పుడు వెలిగింది నాకు. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు, పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చేసి మడిస్తే దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఈ రెండు పుస్తకాలూ ఒకే బైండింగ్ షాపులో పక్కపక్క కుప్పలుగా ఉన్నాయి. ముందుగా కుట్టి మాకు పంపిన కాపీల్లో ఐదో ఫారం తారుమారైంది. అరవై ఐదు నుంచి ఎనభై దాకా ఆయనది ఈయనకు, ఈయనది ఆయనకు పోయాయి. ఇద్దరి జీవితాలనూ ఒకే డీటీపీ సెంటర్ ఆయన కూర్చుని రాసిపెట్టాడని తర్వాత తెలిసింది. అందుకే ఎక్కడా అతుకు కనపడలేదు.

మైకులో అదంతా చెప్పాను. చెప్పక తప్పుతుందా, అందరూ నన్నే చూస్తున్నారు. హాలు గొల్లుమంది. సూటు ఆయన మాత్రం వదల్లేదు. "నా భావం కూడా అదేనండి" అన్నారు. ఆ మాటకు ఇంకో గోల.

నేను యూనియన్ నాయకుడి వైపు తిరిగాను. నాకు కొంచెం కోపంగా కూడా ఉంది. "మీ పుస్తకంలో మీది కానిది పదహారు పేజీలుంటే, మీరైనా ముందే చెప్పాలి కదండీ?"

ఆయన తల గోక్కున్నాడు. "నేను చదవలే మేడం. నేను చెప్పిన, డీటీపీ ఆయన రాసిండు. మీ పేపర్ల విజయం గిజయం అని తిట్టిండ్రు కదా, నిజంగనే గట్ల అన్ననేమో అనుకున్న. ఇంటామె కంచం కాడ పట్టింది. లేకుంటే నాకు సుత తెల్వకపోవు."

"అంటే ఇద్దరూ మీ పుస్తకాలు మీరే చదవలేదు" అన్నారు అధ్యక్షుడు కళ్ళజోడు తీస్తూ.

"నేను చదవలే సార్" అన్నాడు యూనియన్ నాయకుడు. సూటు ఆయన పైకప్పు ఫ్యాను చూస్తూ ఉండిపోయారు.

సంఘాలవాళ్ళు పక్క గదిలోకి వెళ్ళి వచ్చారు. యూనియన్ నాయకుడికే మా మద్దతన్నారు. అర్హత మాత్రం ఆయన భార్యకే ఎక్కువ కనపడుతోందని, ఆవిడ నిలబడితే ఇంకా సంతోషమని కూడా అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "మధ్యాహ్నం కూరలు ఎవరు చేస్తరు? ఈయన తప్పు చేస్తే నా షాపు కాడికి వచ్చి చెప్పుర్రి" అంది. ఆయన గెలిచాడు. వార్డులో నల్లా నీళ్ళు రాకపోయినా, చెత్త ఎత్తకపోయినా జనం కార్పొరేటర్ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు కాదు, కర్రీ పాయింట్‌కు వెళ్ళి పప్పు కట్టించుకుంటూ చెప్పేవాళ్ళు.

అది తర్వాతి మాట. సభ మర్నాడే సూటు ఆయన ప్రకటనలన్నీ ఆపేశారు. దాంతో ఆ ఆదివారం అనుబంధంలో పెద్ద ఖాళీ వచ్చింది. నింపడానికి ఏమీ లేక ఎడిటర్ గారు నాకే పూర్తి పేజీ ఇచ్చారు. చాన్నాళ్ళకు దక్కిన పేజీ. సంబరపడుతూ ఇంట్లో గోడకు అంటించుకోవాలనుకున్నాను. సోమవారం పిలిచి అసలు సంగతి చెప్పారు.

"ఇదే చివరిదండి. ఆ ప్రకటన లేకపోతే పుస్తకాల పేజీ కాదు, అనుబంధమే సగమైపోతుంది. ఉన్న సగంలో వంటలు, వారఫలాలు. నేనేం చేయలేను. ఏం అనుకోకండి."

నేను చాలా అనుకున్నాను. పైకి అనలేదు. ఎన్నేళ్ళుగానో కాపాడుకుంటూ వచ్చిన పేజీని నా వ్యాసంతో నేనే చంపుకున్నానని ఏడుపొచ్చింది. బల్ల మీదున్న సమీక్ష పుస్తకాలు కట్ట కట్టడం మొదలుపెట్టాను.

కట్టలు కడుతూ ఉండగానే సూటు ఆయన భార్య మెట్లెక్కి వచ్చింది. లాయరు నోటీసు తెచ్చిందేమోనని మా విలేకరి లేచి నిలబడ్డాడు. ఆవిడ నా ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మీ దగ్గరున్న ఆ కాపీ కావాలండి. కలిసిపోయింది ఉంది చూడండి, అది."

"సరైన కాపీలు మీ ఇంట్లో కట్టలకొద్దీ ఉంటాయి కదండీ" అన్నాను.

"ఉన్నాయి. సభ అయ్యాక అవి మొదటిసారి చదివాను. పుస్తకం మొత్తంలో నా గురించి ఒక్క వాక్యం ఉంది. నా ప్రతి విజయం వెనకా నా శ్రీమతి ఉంది అని. ఆ వెనక ఎక్కడున్నానో చాలా వెతికానండి, కనపడలేదు. మీ కాపీలో అయితే పదహారు పేజీల్లో ఉన్నాను."

తీసిచ్చాను. అక్కడే కూర్చుని అరవై ఐదు నుంచి ఎనభై దాకా చదివింది. తొందరపడలేదు. ఒకచోట నవ్వుకుంది, ఒకచోట పేజీ తిప్పకుండా కాసేపు ఆగింది. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకుని, అందులోంచే ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం ప్రకటన వేయమని ఒప్పందం అది. పుస్తకాల పేజీ అడుగున, పావు పేజీకి మించకుండా, పైన ముప్పావు సమీక్షలు ఉంటేనే అని ఆవిడ చేతిరాతతో ఒక షరతు. కింద సూటు ఆయన సంతకం నిగనిగలాడుతోంది.

నమ్మలేక రెండుసార్లు చూశాను. "ఆయన ఒప్పుకున్నారా అమ్మా? మా మీద అంత కోపంగా ఉన్నారు కదా?"

"ఇంకా కోపంగానే ఉన్నారండి" అంది ఆవిడ లేస్తూ. "కానీ మా ఆయన ఏదీ చదవరు. నేను పెట్టిన కాగితం మీద సంతకం పెడతారు."

నేను రిటైరయ్యేదాకా ఏటేటా ఆ సంతకం వస్తూనే ఉంది.